తెల్ల గుర్రం పానింగ్ ఫోటో: కర్నూలు జొన్నచేను పక్కన మూడు వారాల పని

జనవరి 4. పాత ఫ్రేము

కర్నూలు బయట కే.సీ. కెనాల్ గట్టు మీద పరుగెత్తే తెల్ల గుర్రం, దాని మీద తెల్ల చొక్కా రౌతు. కెమెరా గట్టు దిగువన పొలంలో ఉంది. 24 మెగాపిక్సెళ్ళ క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది), లెన్స్ 70 మి.మీ. దగ్గర, షట్టర్ 1/125 సెకను. పానింగ్ అంటే కదిలేదాన్ని కెమెరాతో వెంబడిస్తూ తీయడం, అది పదునుగా నిలిచి వెనకున్నది చారలుగా సాగుతుంది. ఈ ఫోటోను బాగుచేయడమే ప్రాజెక్టు. ముందు ఫైలును పూర్తి సైజులో తెరిచి లోపాలు రాసుకున్నాం.

గుర్రం పరుగెత్తుతున్నట్టు లేదు, కాళ్ళు ఎత్తి నిలబడినట్టుంది. వెనక పొదల మీద బ్లర్ చారలు కొలిస్తే 70 పిక్సెళ్ళు వచ్చాయి. 6000 పిక్సెళ్ళ వెడల్పున్న ఫ్రేములో అది కంటికి వేగంగా అనిపించదు, ఫోకస్ కాస్త తప్పినట్టు అనిపిస్తుంది. పైగా గుర్రం గట్టు మీద, కెమెరా కింద ఉండడంతో ఫ్రేములో పైసగం తెల్లటి ఆకాశమే. ఏ గుర్తూ లేని ఆకాశం ఎంత పాన్ చేసినా చార పడదు. రౌతు మెడ వెనకే కరెంటు స్తంభం. తెల్ల చొక్కా, తెల్ల గుర్రం కలిసిపోయాయి. ముట్టె ముందు అర జానెడు ఖాళీ కూడా లేదు.

వెనక భాగానికి కంప్యూటర్లో మోషన్ బ్లర్ వేసి చూశాం. పొదలు చెదిరాయి, ఆకాశం ఉన్నట్టే ఉంది. అందుకని మళ్ళీ తీయాలన్నది ఆ రోజే తేలింది. ఎడిటింగ్ దాని తరువాతి పని.

జనవరి 10. చోటు, కొలతలు

నల్లరేగడిలో జొన్నచేను, దాని అంచున ఉత్తర దక్షిణాలుగా గట్టిపడిన బండ్ల బాట, చేను అవతల వరసగా తుమ్మ, వేప చెట్లు. కెమెరా బాటకు తూర్పున పడమటి వైపు చూస్తూ, గుర్రం వెళ్ళే దారికి సరిగ్గా 12 మీటర్ల దూరంలో ఉంటుంది. ఉదయపు ఎండ కెమెరా వెనక నుంచి గుర్రం పక్కమీద పడుతుంది.

ఈ చోటు ఎంచుకోవడానికి కారణం జొన్న. నిలువు దంట్లు, లేత కంకులు, మధ్యలో నీడలు, ఇన్ని చిన్న చిన్న వెలుగు చీకట్లు ఉన్నచోటే పానింగ్‌లో చారలు చిక్కగా వస్తాయి. సున్నం కొట్టిన ప్రహరీ గోడ ముందు ఇదే గుర్రాన్ని ఇదే షట్టర్‌తో తీస్తే ఏ వేగమూ కనబడదు. ఒక అపోహ ఇక్కడ తీర్చుకోవాలి. వెనకనున్నవి దూరంగా ఉంటే చార చిన్నదవుతుందని చాలామంది అనుకుంటారు. రైల్లో కూర్చుంటే దగ్గరి స్తంభాలు చకచకా, దూరపు కొండలు నిదానంగా పోతాయి కదా, ఆ అనుభవంతో. కానీ రైల్లో మనమే కదిలిపోతాం. పానింగ్‌లో కెమెరా ఉన్నచోటే తిరుగుతుంది. అందుకని ముందున్న గడ్డికీ, జొన్నకూ, దూరపు చెట్లకూ చార పొడవు ఒకటే. తేడా వచ్చేది వాటి మీదున్న గుర్తుల్లోనే.

కెమెరా ఎత్తు 1.2 మీటర్లు. గుర్రం మీద కూర్చున్న రౌతు తల సుమారు 2.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ తల వెనక జొన్న రాదు, చూపు పైకి పోతుంది. 27 మీటర్ల దూరానికి చూపు రేఖ 3.9 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అక్కడ చెట్లు అంతకన్నా పొడుగున్నాయి కాబట్టి తల వెనక ఆకులే పడతాయి. చెట్ల వరసలో ఒకచోట సందు ఉంది. ఆ సందుకు ఎదురుగా క్లిక్ పడకుండా, క్లిక్ చేయాల్సిన చోట పాతిన గుర్తు కర్రను నాలుగు మీటర్లు ఉత్తరంగా జరిపాం.

బాట గురించి ఒక మాట. ఎండిన రేగడి నెర్రెలిస్తుంది, గుర్రం గిట్ట ఆ నెర్రెలో దిగితే కాలు విరుగుతుంది. తెల్లవారి మంచుకు తడిసిన రేగడి జారుతుంది. కాబట్టి పరుగు దారి 60 మీటర్లూ కాలినడకన తిరిగి, నెర్రెలు మట్టితో పూడ్చి, మంచు ఆరాకే గుర్రాన్ని పరుగు పెట్టించాలి. ఫోటో కోసం ఈ పని ఎగ్గొట్టకూడదు.

20 మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతి స్టాప్‌వాచ్ పట్టాం. గుర్రం కాంటర్‌లో (దౌడు కన్నా తక్కువ, మధ్యస్థ వేగపు పరుగు) 3.3 సెకన్లకు దాటింది, అంటే సెకనుకు 6 మీటర్లు. 12 మీటర్ల దూరంలో కెమెరా సెకనుకు 28 డిగ్రీల పైచిలుకు తిరగాలి. 70 మి.మీ. లెన్స్‌తో చారల లెక్క ఇలా తేలింది: 1/60 దగ్గర సుమారు 150 పిక్సెళ్ళు, 1/40 దగ్గర 220, 1/30 దగ్గర 300, 1/20 దగ్గర 450. 1/40తో మొదలుపెట్టాలని నిర్ణయించాం. ఈ దూరంలో గుర్రం పొడవు ఫ్రేములో అరవై శాతం వస్తుంది, ముందు ఖాళీకి చోటుంటుంది.

జనవరి 11. మొదటి విడత

7:15కి నిలబడితే ఫోటోగ్రాఫర్ నీడ పొడుగ్గా సాగి బాట మీదే పడింది, గుర్రం కాళ్ళు ఆ నీడలోంచి పోతున్నాయి. సూర్యుడు కాస్త పైకి వచ్చాక 8:15కి మొదలుపెట్టాం.

రౌతు మెరూన్ చొక్కా, నల్ల హెల్మెట్ వేసుకున్నాడు. గుర్రం తెల్లది, వెనక జొన్న ముదురు రంగు. కెమెరాను ఆటో మీద వదిలితే ముదురు చేను చూసి వెలుతురు పెంచుతుంది, గుర్రం భుజం ఒట్టి తెలుపైపోయి వెంట్రుకల ఆనవాలు కూడా మిగలదు. మాన్యువల్‌లో పెట్టి, భుజం మీది వెలుగు హిస్టోగ్రాంలో (వెలుగు చీకట్లు ఎంతెంత ఉన్నాయో కెమెరా చూపే పటం) కుడి అంచుకు కొంచెం ఇవతల ఆగేటట్టు చూసుకోవాలి. ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, 1/40కి ఎఫ్/18 వచ్చింది.

ఆ ఎఫ్/18 తోనే మొదటి దెబ్బ. అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది. అంత చిన్న అపర్చర్‌లో సెన్సర్ మీది దుమ్ము నల్ల చుక్కలుగా తేలుతుంది. మామూలు ఫోటోలో ఆకుల మధ్య కనబడకపోవచ్చు, పానింగ్‌లో వెనకంతా అడ్డంగా సాగిపోయి ఉంటే గుండ్రటి చుక్క ఒక్కటే కదలకుండా నిలబడుతుంది. 11 చుక్కలు లెక్కపెట్టాం. మన బాటల దుమ్ములో లెన్స్ మార్చే పని గాలికి వీపు పెట్టి, సంచి లోపల చేయాలి.

రెండో ఇబ్బంది గుర్రంతో. దక్షిణానికి పరుగెత్తినప్పుడల్లా తల పక్కకు తిప్పేస్తోంది. రౌతే కారణం చెప్పాడు: "ఎండ కండ్లల్ల కొడతాంది సార్, అందుకే మొగం తిప్పుతాంది."

"అయితే ఆ కొస నుంచి ఇట్ల పైకి రా అన్నా, ఎండ ఈపుకు పడతాది."

దక్షిణపు కొస నుంచి ఉత్తరానికి, అంటే కెమెరాకు ఎడమ నుంచి కుడికి, పరుగు మార్చాక తల నిటారుగా వచ్చింది. రౌతు కొద్దీ గుర్రం అన్నట్టు ఈ పనిలో సగం బరువు రౌతుదే. కర్రకూ కర్రకూ మధ్య వేగం మారకుండా తేవడం, బాట అంచుకు జరగకుండా 12 మీటర్ల దూరం కాపాడడం అతని చేతి పగ్గాల్లో ఉంది.

8 పరుగులు, 34 ఫ్రేములు. ప్రతి రెండు పరుగులకూ నడిపించి దమ్ము తీసుకోనిచ్చాం.

జనవరి 12. ఎందుకు చెడిందో చదవడం

34లో పనికొచ్చేది ఒక్కటి. మిగతావన్నీ మొత్తంగా చూస్తే ఒకేలా మసకగా ఉన్నాయి, కానీ మసకకు కారణాలు వేరువేరు. కారణం తెలియకుండా షట్టర్ మారుస్తూ పోతే ఎన్ని పరుగులు తీసినా లాభం లేదు.

కారణం చెప్పేది ఒక చిన్న మెరుపు. కళ్ళెం పక్కనుండే ఇనుప రింగు మీద ఎండ తగిలి చుక్కంత మెరుపు పడుతుంది. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ ఆ చుక్క ఎటు కదిలితే అటు గీత గీస్తుంది. ఫైలును రెండు వందల శాతానికి పెంచి ఆ మెరుపునే చూడండి. అడ్డగీత ఉంటే కెమెరా గుర్రం కన్నా ముందో వెనకో తిరిగింది. నిలువుగీత ఉంటే పాన్ సరిగ్గానే ఉంది, గుర్రం తల పైకో కిందికో ఊగింది. ఏటవాలుగా ఉంటే రెండూ. తలకట్టులా ఒకచోట వంగి తిరిగితే, తల ఊపు కొస దాకా పోయి వెనక్కి మళ్ళే క్షణం దొరికింది. ఇలాంటి మెరుపులు మూడున్నాయి: తలకు కళ్ళెం రింగు, ఒంటికి జీను బకిల్, రౌతుకు హెల్మెట్ పట్టీ బకిల్. మూడూ విడివిడిగా చదవాలి. ఒక ఫ్రేములో జీను బకిల్ చక్కటి చుక్కగా ఉంది, కళ్ళెం రింగు మాత్రం 26 పిక్సెళ్ళ నిలువుగీత. పాన్ చేసిన చేతి తప్పు అందులో ఏమీ లేదు.

34ను ఇలా వేరు చేస్తే 12 అడ్డగీతలు, 15 నిలువుగీతలు. ఆరింటికి తల బాగుండి పిర్ర వైపు చెదిరింది.

ఆ ఆరింటి సంగతి ముందు. అవన్నీ గుర్రం గుర్తు కర్రకు నాలుగు మీటర్లు ఇవతల ఉండగా తీసినవి. గుర్రం ఏటవాలుగా కనబడేచోట దాని తల తిరిగే కోణవేగం, తోక తిరిగే కోణవేగం ఒకటి కావు. 12 మీటర్ల దూరంలో ఎదురుగా రాకముందు 20 డిగ్రీల దగ్గర 1/40తో తీస్తే ఆ తేడా తల నుంచి తోకకు దాదాపు 25 పిక్సెళ్ళు. కెమెరా ఏదో ఒక భాగాన్నే వెంబడించగలదు. సరిగ్గా ఎదురుకు వచ్చినప్పుడు ఆ తేడా రెండు పిక్సెళ్ళకు పడిపోతుంది. కాబట్టి తొందరపడి ముందే నొక్కకూడదు.

ఇక నిలువుగీతలు. ఈ ప్రాజెక్టుకు కీలకం ఇదే. కాంటర్‌లో గుర్రం ప్రతి అంగకూ లేస్తుంది, దిగుతుంది, తల ఊపుతుంది. మన కొలతల ప్రకారం గుర్రం దగ్గర ఒక సెంటీమీటరు కదలిక సెన్సర్ మీద 15 పిక్సెళ్ళు. నిలువుగీత తగ్గించడానికి షట్టర్ 1/60కి పెంచుదామని మొదట అనిపిస్తుంది. పెంచితే నిలువుగీత మూడోవంతు తగ్గుతుంది నిజమే, కానీ వెనక చారలు కూడా సరిగ్గా మూడోవంతే తగ్గుతాయి. రెండింటి నిష్పత్తి గుర్రం పరుగుకూ, దాని ఊపుకూ మధ్య ఉన్నది, షట్టర్‌కు దానితో పని లేదు. 1/125 దాకా పోతే తిరిగి పాత ఫోటోకే చేరతాం. నిష్పత్తి మారాలంటే దారి ఒక్కటే, ఊపు ఆగి తిరిగే క్షణం పట్టుకోవాలి. అక్కడ నిలువు వేగం సున్నాకు దగ్గరగా ఉంటుంది, ముందుకు పోయే వేగం మాత్రం అంతే ఉంటుంది.

చెడిందని తీసేయకూడనిది కూడా ఒకటుంది. నేల మీద ఆనిన గిట్ట ఆ క్షణంలో నిజంగానే కదలకుండా ఉంటుంది. పాన్‌లో కదలనిది ప్రతిదీ చార అవుతుంది. అందుకే ఆనిన గిట్ట నేలతో సమానంగా 220 పిక్సెళ్ళు చెరిగిపోతుంది. ఒంటికాలు మాయమైనట్టుండే ఆ ఫ్రేము తప్పు కాదు, గుర్రం బరువు ఏ కాలి మీదుందో చెప్పే గుర్తు. నాలుగు గిట్టలూ గాల్లో ఉన్న క్షణం కావాలంటే కాళ్ళన్నీ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు చూసుకోవాలి. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరస కెమెరాలతో దౌడు తీసి చూపించింది అదే. అంతకుముందు చిత్రకారులు ముందుకాళ్ళు ముందుకూ వెనకకాళ్ళు వెనక్కూ చాపి గాల్లో తేలే గుర్రాన్ని గీసేవారు.

జనవరి 18. రెండో విడత

మార్పులు వరసగా ఇవి.

నాలుగో వంతు వెలుతురే వదిలే ఎన్‌డి4 ఫిల్టర్ బిగించాం. అదే వెలుతురులో ఎఫ్/18 నుంచి ఎఫ్/9కి దిగాం, దుమ్ము చుక్కలు 11 నుంచి రెండుకు తగ్గాయి. ఎఫ్/9లో 12 మీటర్ల మీద ఫోకస్ పెడితే సుమారు 8.5 నుంచి 20 మీటర్ల దాకా పదునుగానే ఉంటుంది. అంటే ఈ ఫోటోలో ఫోకస్ వెతుక్కోవలసిన పనే లేదు. గుర్తు కర్ర మీద ఫోకస్ చేసి మాన్యువల్‌లో బిగించేశాం. ఆటోఫోకస్ కంకుల మీదికి జారిపోయే బెడద తప్పింది.

లెన్స్ స్థిరీకరణను పానింగ్ కోసం ఉన్న రెండో మోడ్‌లో పెట్టాం. అందులో అడ్డపు కదలికను వదిలేసి, చేయి పైకీ కిందికీ వణికేదాన్నే సరిచేస్తుంది. ఆ మోడ్ లేని లెన్స్ అయితే స్థిరీకరణ ఆపేయడమే మంచిది, లేకుంటే పాన్‌ను వణుకు అనుకొని వెనక్కి లాగుతుంది. గుర్రం ఊపు మాత్రం ఏ మోడూ ఆపదు, అది కెమెరాలో లేదు కాబట్టి.

నిలబడే తీరు. పాదాలు రెండూ గుర్తు కర్ర వైపే ఉండాలి, గుర్రం మొదలయ్యే వైపు కాదు. నడుము మాత్రం ఎడమకు తిప్పి మొదలుపెడితే, గుర్రం ఎదురుకు వచ్చేసరికి ఒళ్ళు సహజంగా సూటిగా వస్తుంది, అక్కడే తిరుగుడు అన్నిటికన్నా నున్నగా ఉంటుంది. పాదాలు మొదటి కొస వైపు పెడితే సరిగ్గా క్లిక్ దగ్గర నడుము బిగుసుకొని కెమెరా వెనకబడుతుంది. జనవరి 11 నాటి అడ్డగీతల్లో ఎక్కువ భాగం దాని పుణ్యమే. మోచేతులు పక్కలకు ఆనించాలి, ఊపిరి సగం వదిలి ఆపాలి.

వ్యూఫైండర్లో మధ్య చతురస్రాన్ని జీను ముందుకొస మీద అంటించి, 10 మీటర్ల ముందు నుంచే వెంబడించాలి. తల మీద పెడితే తల ఊపుకు చేయి కూడా ఊగుతుంది. కర్రకు మీటరున్నర ఇవతల నొక్కి, మీటరున్నర అవతల దాకా వదలకూడదు. సెకనుకు 8 ఫ్రేములంటే ఆ 3 మీటర్లకు నాలుగు ఫ్రేములు. వేలు తీశాక కూడా ఇంకో 5 మీటర్లు తిరుగుతూనే ఉండాలి. క్లిక్ అయిపోగానే ఆగే అలవాటుంటే ఆఖరి ఫ్రేము ఎప్పుడూ చెడుతుంది.

ఊపు తిరిగే క్షణాన్ని వేలితో పట్టడం కుదరదు, అది సెకనులో చిన్న ముక్క. చేయగలిగింది ఒకటి. పరుగు మొదలయ్యేచోటును ప్రతిసారీ అర మీటరు జరిపాం. అప్పుడు అదే కర్ర దగ్గర అంగలో వేరే దశ పడుతుంది. ఒకే చోటు నుంచి మొదలుపెడితే గుర్రం దాదాపు అవే అంగలు వేసి ప్రతిసారీ అదే దశలో కర్రను దాటుతోంది.

10 పరుగులు, 41 ఫ్రేములు. అడ్డగీతలు నాలుగుకు తగ్గాయి. రింగు, జీను బకిల్ రెండూ చుక్కకు దగ్గరగా ఉన్నవి మూడు. హెల్మెట్ బకిల్ కూడా కలిసింది ఒక్కదాంట్లో, 29వ ఫ్రేములో. గుర్రం తల, రౌతు తల ఒకే క్షణంలో తిరగవు, అందుకే ఇది ఇంత అరుదు. 29లో రింగు గీత 6 పిక్సెళ్ళు, జీను 4, హెల్మెట్ 9. వెనక చారలు 218. ఆ పూట 1/20 కూడా రెండు పరుగులు తీశాం. చారలు అద్భుతం, గుర్రానికి కళ్ళు ఎక్కడున్నాయో తెలియలేదు.

జనవరి 22. ఎడిటింగ్

29వ ఫ్రేము రా ఫైలును (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు) రాథెరపీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, తరువాత గింప్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకున్నాం.

ముందు ఒరుగు సరిచేయాలి. దీనికి చెట్ల మొదళ్ళో నేల రేఖో ఆధారం కాదు, చారలే ఆధారం. చారలు 1.5 డిగ్రీలు దిగుతున్నాయి, పాన్ చేసేటప్పుడు భుజం వాలింది. అవి అడ్డంగా సూటిగా వచ్చేదాకా తిప్పాం. తరువాత క్రాప్ 5400×3600కు చేశాం. ముట్టె ముందు వదిలిన ఖాళీ తోక వెనక ఖాళీకి రెట్టింపు.

రంగు విషయంలో తొందర వద్దు. ఎండ పడ్డ పక్క కాస్త పసుపు, పొట్ట కింద రేగడి బూడిద ఛాయ, మెడ నీడలో నీలం. మొత్తం కలిపి పాలతెలుపు చేస్తే గుర్రం కాగితం బొమ్మలా తయారవుతుంది. భుజం వెలుగును మూడోవంతు స్టాపు (ఒక స్టాపు అంటే వెలుతురు సగం లేదా రెట్టింపు కావడం) దించి, మిగతాది వదిలేశాం.

పదును పెంచడం తల, మెడ, జీను, రౌతు ముఖం వరకే, మాస్క్ వేసి. బ్లర్‌ను లెక్కతో వెనక్కి తిప్పే డీకాన్వల్యూషన్ పద్ధతిలో రేడియస్ 0.7. అంతకన్నా పెంచితే తెల్ల మెడ చుట్టూ నల్ల అంచు, దాని పక్కన తెల్ల అంచు లేచాయి. 26 పిక్సెళ్ళ నిలువుగీత ఉన్న ఫ్రేమును కూడా ఇలాగే లాగి చూశాం. జూలు వెంట్రుకలు రాలేదు, చెదిరిన గీతలే ఇంకా గట్టిగా కనబడ్డాయి. మోకాళ్ళ కింద పదును ముట్టుకోలేదు.

వెనక జొన్నలో తెల్ల ప్లాస్టిక్ సంచి ఒకటి చిక్కుకొని ఉండింది. అది వెలుగు పట్టీలా సాగి చూపు లాగుతోంది. క్లోన్ టూల్‌తో తీసేటప్పుడు మూలం సరిగ్గా అదే ఎత్తు నుంచి తీసుకోవాలి. చారలన్నీ అడ్డం కాబట్టి నాలుగు పిక్సెళ్ళు పైకో కిందికో జరిగినా గీత తెగి అతుకు తెలుస్తుంది. ఆ అతుకుల మీద మాత్రమే లీనియర్ మోషన్ బ్లర్, కోణం సున్నా, పొడవు 60.

మొత్తం వెనక భాగానికి బ్లర్ కలపాల్సిన ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే ఈ వరస తప్పకూడదు. గుర్రాన్ని వేరే లేయర్లోకి తీయాలి. కింది లేయర్లో గుర్రం ఉన్నచోటును చుట్టుపక్కల జొన్నతో నింపి, అప్పుడు బ్లర్ వేయాలి. నింపకుండా వేస్తే గుర్రం తెలుపే రెండు వైపులా సాగి, పై లేయర్ చుట్టూ దెయ్యంలా తెల్లటి నీడ నిలుస్తుంది. బ్లర్ వేసినచోట గ్రెయిన్ (ఫోటోలోని సన్నటి నలకలు) చెరిగిపోయి నున్నగా అవుతుంది, గుర్రం మీద ఉన్నంత గ్రెయిన్ తిరిగి చల్లాలి. తోక వెంట్రుకల మాస్క్ అంచు కత్తిరించినట్టు కాకుండా చార దిశలోనే మెత్తబరచాలి.

జనవరి 25. ప్రింటు

12×18 అంగుళాలు, లస్టర్ పేపర్, అంగుళానికి 300 పిక్సెళ్ళు. రింగు మీది 6 పిక్సెళ్ళ గీత కాగితం మీద అర మిల్లీమీటరు. చేతి దూరంలో పట్టుకుంటే చుక్కగానే ఉంది. హెల్మెట్ బకిల్ 9 పిక్సెళ్ళది మాత్రం దగ్గరగా చూసినవాళ్ళకు తెలుస్తుంది. జొన్న నీడలు తెర మీదకన్నా నల్లగా వచ్చాయి. నీడలు పావు స్టాపు లేపి రెండో ప్రింటుకు ఇచ్చాం. పాత ఫోటో పక్కన పెడితే గుర్రం ఈసారి నిజంగా పోతోంది, ఆనిన ముందుకాలి గిట్ట రేగడిలోకి కరిగినట్టుంది.

ఇంకా తీయాల్సింది సాయంత్రం ఎండలో, కెమెరా బాటకు పడమట, చేను వైపు గట్టు మీద. అక్కడ వెనక జొన్న ఉండదు, అవతలి కంది సాళ్ళు ఉంటాయి. కంది కోతకు వచ్చింది, రైతు వారం గడువిచ్చాడు. పరుగు దారి నెర్రెలు రేపు పొద్దున మళ్ళీ చూడాలి.